కదలని మనిషి ఫొటో

జూన్ 9, సోమవారం

బిచ్చా తాత చనిపోయాడు.

పొద్దున ఏడింటికి నీలా ఫోన్ చేసింది. మాడుగులపల్లి అవతల వాళ్ల తండాలో పోయిన నెల ఆమె కూతురు నందిని పెళ్లి నేనే తీశాను. నీలా ఏడుస్తూ ఏడుస్తూ ఆగి, "అక్కా, మా నాయన ఫొటో తీసినవ్ గదా. దినాలకు ఫ్రేము కట్టియ్యాలె. గదే పెట్టాలె అని నాయన ముందే చెప్పిండు," అంది.

నాతోనూ చెప్పాడు. పెళ్లి రోజు మధ్యాహ్నం అందరూ బంతిలో కూర్చున్నాక, స్నానం చేసి, తలపాగా చుట్టుకుని, వేపచెట్టు ముందు మంచం మీద కూర్చుని నన్ను పిలిచాడు. "బిడ్డా, నాది ఒక్కనిదే తియ్యి. పోయినంక గోడకు ఉండాలె. మంచిగ రావాలె సూడు." రాయిలా కూర్చున్నాడు. రెప్ప కూడా కొట్టలేదు. తొమ్మిది తీశాను. తీస్తున్నప్పుడే అనుకున్నాను, ఈ ఏడాది నేను తీసినవాటిలో ఇదే మంచిదని.

మధ్యాహ్నం స్టూడియోలో కెమెరా మెమరీ కార్డు కంప్యూటర్లో పెట్టి చూశాను. తొమ్మిదింటిలోనూ ముఖం మసక. తలపాగా మసక. వెనక వేప బెరడు మాత్రం పగుళ్లతో సహా స్పష్టంగా ఉంది.

కార్డు తీసి తుడిచి మళ్లీ పెట్టాను. అవే.

జూన్ 10

కెమెరా పోయింది. పదకొండేళ్లయింది దాన్ని కొని. పోక ఏం చేస్తుంది.

అందరూ మిర్రర్‌లెస్ కెమెరాలకు మారిపోయారు. అందులో మనిషి కన్ను ఎక్కడుందో కెమెరాయే వెతికి పట్టుకుంటుందట. నేను ఇంకా చేత్తోనే ఫోకస్ చేస్తాను, లెన్స్ చుట్టూ ఉన్న రింగు ఎడమ చేత్తో తిప్పుతూ. రీళ్ల కాలంలో భిక్షపతి సారు ఇదే మిర్యాలగూడలో, తన స్టూడియోలో అలా నేర్పాడు. "ఎవలు ముఖ్యమో మిషినికెట్ల తెలుస్తది? నీకు తెల్వాలె," అనేవాడు. తీశాక వెనక తెరలో చూసుకునేవాళ్లంటే ఆయనకు నవ్వు. నేనూ చూసుకోను. తీస్తాను, కార్డు ఆల్బంలు చేసే శోభకు పంపిస్తాను. ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసుకునే మనిషిని, ఆ ఒక్కచోట మాత్రం అనుమానపడను. ఎం.ఏ. ఫిలాసఫీ చదివి మిగుల్చుకున్న నమ్మకం అదొక్కటే.

కొనాలి. ఎప్పుడన్నదే. ఇప్పుడు మూఢం, శ్రావణం దాకా పెళ్లిళ్లు లేవు. పని లేనప్పుడు కొంటే చెయ్యి అలవాటు పడుతుంది. పని లేనప్పుడు అంత పెట్టి కొనడం తెలివితక్కువ కూడా.

షుగర్ మాత్రలు అయిపోయాయి. రేపు తెచ్చుకోవాలి.

జూన్ 12

సూర్యాపేట వెళ్లాను. శోభ అక్కడ ఆల్బంలు డిజైన్ చేస్తుంది. నా దగ్గరే పని నేర్చుకుంది. పదేళ్లుగా నా కార్డులన్నీ ఆమెకే. నందిని పెళ్లిది మాత్రం ఇంకా పంపలేదు. బిచ్చా తాతవి తొమ్మిదీ పెద్దవి చేసి చూసి మౌస్ వదిలేసింది.

"ఇది నాతోని కాదక్కా."

"పదును పెడ్తవు గదా, ఏదో ఒకటి చెయ్యి."

"చేసినంక సుత గిట్లనే ఉన్నది. ఎనిమిది నెలల సంది నీ కార్డులకు గదే పని చేస్తున్న. అన్నిటికి."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను. చెప్పింది. పోయిన దీపావళి నుంచి నా ఫొటోల్లో సగం మసకగానే వస్తున్నాయట. వాటిని ఏరి పారేసి, మిగిలినవాటికి పదును పెట్టి ఆల్బంలో వేస్తోందట.

"నాకు చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? నాకు కెమెరా పట్టుడు నేర్పిందే నువ్వు. నీకు ఫోకస్ వస్తలేదని నీకే చెప్పాలెనా? ఏమన్న పరేషాన్‌ల ఉన్నవేమో, పోతదిలే అనుకున్న. కొంచెం మసక అయితే దిద్దుత. గీ ఫొటోల మొకమే లేదక్కా. నేను దిద్దితే వేరే ముసలాయన అయితడు."

టీ తెప్పించింది. తాగకుండా వచ్చేశాను.

బస్సులో ఒళ్లు మండిపోయింది. ఎనిమిది నెలల ఆల్బంలు. ఒక్కోటి చేతికి వచ్చినప్పుడు పేజీలు తిప్పుతూ, ఇంకా నా చెయ్యి పోలేదు అనుకున్నాను. అవి ఎవరి ఫొటోలు? నావా, శోభవా?

అయితే ఒకటి తేలింది. కెమెరా ఎనిమిది నెలల కిందటే పోయింది. శోభ అప్పుడే చెప్పి ఉంటే అప్పుడే కొనేదాన్ని. బిచ్చా తాత ఫొటో బాగా వచ్చేది.

జూన్ 13

నీలా ఫోన్. "కంప్యూటర్ ఖరాబైంది నీలా, రెండు రోజులాగు," అన్నాను. కంప్యూటర్‌లో బిచ్చా తాతను చూస్తూనే అన్నాను.

జూన్ 15, ఆదివారం

మా ఆయన ఇంట్లో ఉన్నాడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు. వారానికి ఒక్కరోజే మనిషిని పూర్తిగా చూసేది. తల రుద్దుకుంటూ, "కొనుక్కోరాదే. ఎన్నొద్దులు ఏడుస్తవ్ దాంతోని," అన్నాడు.

"కొత్త మోడల్ వస్తదంటున్నరు. అది వస్తే దీని రేటు తగ్గుతది."

"అదొచ్చినంక ఇంకోటొస్తది అంటరు. గిట్ల సూస్కుంట కూసుంటే మా అమ్మకు నేను గూడ పుట్టకపోదును."

నవ్వొచ్చింది. ఆయన పేరు పరశురాములే కానీ, కోపం మాత్రం ఎప్పుడూ చూడలేదు. తర్వాత, "మాత్రలు తెచ్చుకున్నవా?" అన్నాడు.

తెచ్చుకున్నానన్నాను.

జూన్ 17

కెమెరాలో కన్ను పెట్టే చోట పక్కన చిన్న చక్రం ఉంటుంది. చూపును బట్టి తిప్పుకునేది. ఒక మెట్టు తిప్పాను. నయం. నయమనే అనుకుంటున్నాను.

జూన్ 18

ఇంకో మెట్టు.

జూన్ 20

దినాలకు తండాకు పోయాను. పోకుండా ఉండాల్సింది.

గోడకు దండ వేసిన ఫ్రేములో ఆధార్ కార్డు ఫొటో. దాన్నే పెద్దది చేయించారు. బెదిరిపోయిన చూపు, తలపాగా లేదు, చెవులు రెండూ బయటికి. పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా ఉన్నాడు. వచ్చినవాళ్లంతా దానికే దండం పెడుతున్నారు. నేనూ పెట్టాను.

నీలా నా పక్కకు వచ్చి కూర్చుంది. "నాయనకు గీ ఫొటో అస్సలు పడకపోయేది. దొంగ లెక్క ఉన్న అని నవ్వుతుండె. నీది రాంగనే మారుస్తం అక్కా."

"కెమెరానే ఖరాబైంది నీలా. కొత్తది కొంటున్న," అన్నాను. ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. నీలా తల ఊపింది. నమ్మింది. నాకు అన్నం పెట్టించింది.

తిన్నాను.

జూలై 6, ఆదివారం

వాడపల్లి. నది ఒడ్డున ప్రీ-వెడ్డింగ్. శ్రావణంలో పెళ్లి. మిర్యాలగూడ జంటే.

పెళ్లికొడుకు నా కెమెరా చూసి, "ఆంటీ, మిర్రర్‌లెస్ కాదా?" అన్నాడు. పెళ్లికూతురు అతని చేతి మీద కొట్టింది. "రీల్సుకు స్లో మోషన్ కావాలె గదా, అందుకని అడిగిన," అని సర్దుకున్నాడు.

వాళ్ల వెనక వంతెన. కెమెరాలో కన్ను పెడితే, వంతెన గీత సరిగ్గా నడిమిట్ల కిందికి కుంగినట్టు కనిపిస్తోంది. కన్ను తీసి చూస్తే తిన్నగా ఉంది. పెడితే కుంగింది. తీస్తే తిన్నగా. నాలుగుసార్లు చేశాను. లెన్స్ కూడా పోయిందన్నమాట.

ఎండకు పెళ్లికూతురి మేకప్ కారుతోంది. "అయిందా ఆంటీ?" అయిందన్నాను. అప్పటికి ఒక్కటి కూడా అయినట్టు లేదు.

చక్రం ఇక తిరగదు. చివరికి వచ్చింది.

జూలై 8

పెళ్లికొడుకు వాళ్లమ్మ ఫోన్ చేసింది. వాడపల్లి ఫొటోలు చూశారు. ఈసారి కార్డు శోభకు పంపలేదు, ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను. ఎందుకిచ్చానో. ఎవరైనా చెబుతారేమో అని కావచ్చు.

"ఏమనుకోకమ్మా, పెళ్లి కోదాడోళ్లకు చెప్పినం," అంది. మర్యాదగానే అంది. తిట్టినా బాగుండేది.

జూలై 11

కొనాలా వద్దా అన్న ప్రశ్న ఎప్పుడో దాటిపోయాను. కొనాలి. ఎప్పుడు అన్న దగ్గరే నెల రోజులుగా ఆగిపోయి ఉన్నాను. ప్రతి పొద్దున ఒక కారణం దొరుకుతుంది. కొత్త మోడల్ రాబోతోంది. పాత లెన్సులు దానికి పట్టవు. పడతాయి కానీ మధ్యలో ఇంకో ముక్క పెట్టాలి. బ్యాటరీ తొందరగా అయిపోతుందట. ఆషాఢంలో వద్దు.

కొందామని లేచిన ప్రతిసారీ చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తాను. డబ్బు భయం కాదది. డబ్బు భయం నాకు బాగా తెలుసు, అది వేరేగా ఉంటుంది. ఇదేమిటో ఇక్కడ రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

నీలా ఫోన్ ఎత్తలేదు. రెండుసార్లు.

జూలై 12

మాత్ర వేసుకోలేదు. రేపటి నుంచి.

జూలై 13

రేపటి నుంచి.

జూలై 17

కోదాడ వెళ్లొచ్చాను.

జూలై 18

నిన్నటిది రాయాలి. రాయకపోతే రేపటికి ఇంకోలా మార్చుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

కోదాడలో మహేష్‌ది కెమెరాల దుకాణం. అమ్ముతాడు, కిరాయికీ ఇస్తాడు. వాడపల్లి జంట పెళ్లి తీసేవాళ్లు కూడా అతని దగ్గరే తీసుకుంటారట. ఆ సంగతి అతనే చెప్పాడు, పాపం తెలియక.

"కూర్చోండి మేడం. ఇదే టాప్ మోడలు. మీలాంటి సీనియర్లకి ఇది కరెక్ట్. ఒక్క నిమిషం, ఇటు చూడండి."

కెమెరా నావైపు పెట్టాడు. వెనక తెర నావైపు తిప్పి చూపించాడు. నా ముఖం, అందులో నా కుడి కన్ను మీద చిన్న ఆకుపచ్చ గడి.

"చూశారా, కంటిని ఎలా పట్టేసిందో. మీరు తల తిప్పండి. తిప్పండి మేడం. వదలదు చూడండి. మీరు ఇంక ఫోకస్ గురించి ఆలోచించే పనే లేదు."

నిజంగానే వదల్లేదు. నేను ఎటు తిరిగితే అటు వచ్చింది.

నా చేతికిచ్చాడు. బరువు తక్కువ. పట్టు బాగుంది. కన్ను పెట్టాను. ఎదురుగా గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మహేష్ మీద ఆకుపచ్చ గడి వచ్చింది. గడి వంకరగా ఉంది. కింది గీత కుంగిపోయింది. గడి లోపల అతని ముఖం ఉండాల్సిన చోట నీళ్లలో నూనె పడ్డట్టు మరక.

"మహేష్, ఈ పీసు ఖరాబైనట్టుంది."

"అదేంటి మేడం, నిన్ననే సీల్ తీశాను." తీసుకుని చూశాడు. "నీట్‌గా ఉందండి." మళ్లీ ఇచ్చాడు. చక్రం తిప్పాను, కొత్త చక్రం, కొత్త మెట్లు. మరక కదల్లేదు. "ఇంకోటి ఇయ్యి," అన్నాను. ఇంకోటి ఇచ్చాడు. అదే మరక. మూడోది అడిగాను. అతను నన్ను ఓసారి చూసి, లోపలికి వెళ్లాడు.

ఎంతసేపటికీ అతను రాకపోతే ఎడమ కన్ను పెట్టాను.

గల్లాపెట్టె మీద స్టిక్కరు ఉంది. దాని నాలుగు అంచులూ తిన్నగా ఉన్నాయి. దాని మీద అక్షరాలు చదివాను.

కెమెరా కింద పెట్టి, నీళ్లడిగి తాగి, "ఆలోచించుకుని చెప్త," అన్నాను. మహేష్ మెట్లు దిగి నాతో వచ్చి బస్సెక్కించాడు. "టైం తీసుకోండి మేడం, తొందరేం లేదు," అన్నాడు.

బస్సులో ఒక కన్ను మూశాను. తెరిచాను. ఇంకోటి మూశాను. పక్క సీట్లో ఆడమనిషి, "కంట్ల ఏమన్న పడ్డదా అమ్మా? ఊదాల్నా?" అంది.

రెండు కళ్లతో ఉన్నప్పుడు ఎడమది కుడిదాని తప్పు కప్పేస్తోంది, శోభ నా ఫొటోలు కప్పినట్టే. నా కుడి కన్ను ఒంటరిగా పని చేసేది రోజు మొత్తంలో ఒక్కచోటే, కెమెరా దగ్గర. ఇరవై మూడేళ్లుగా అంతే. అందుకే తప్పు కెమెరాలోనే కనిపించింది. అందుకే కెమెరాదే అనుకున్నాను.

ఇది సగం నిజం. కొత్తది కొనకుండా ఉన్నన్నాళ్లూ తప్పు పాతదానిదే. కొన్న మరునాడు ఎవరిది? గుమ్మం దగ్గర నన్ను ఆపింది ఇదే. నాకు ముందే తెలుసునా? ఎంత ముందు? తలపాగా చుట్టుకుని బిచ్చా తాత నన్ను పిలిచినప్పటికే తెలుసునా?

తెలియదు. తెలియదనే రాస్తాను.

జూలై 22

సూర్యాపేటలో కళ్ల దవాఖాన. మా ఆయన సెలవు పెట్టి వచ్చాడు.

డాక్టరమ్మ చిన్నమ్మాయి. పరికరంలోకి చూసి, "షుగర్ ఎన్నేండ్ల సంది?" అంది. ఆరేళ్లన్నాను. "కండ్లు ఎప్పుడన్న సూపెట్టుకున్నరా?" లేదన్నాను. "మాత్రలు?"

నేను మాట్లాడేలోపు ఆయన, "వేసుకుంటది మేడం," అన్నాడు.

డాక్టరమ్మ నన్నే చూస్తోంది. "వేసుకుంటలేను," అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. గోడ మీద పెద్ద కన్ను బొమ్మ ఉంటే దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

కుడి కన్ను వెనక పొర, సరిగ్గా చూపు నిలిచే నడిమి చోట, ఉబ్బిందట. కంట్లోకి ఇంజెక్షన్లు ఇవ్వాలి, హైదరాబాద్‌లో, నెలకొకటి. ఎన్ని నెలలో ఇప్పుడే చెప్పలేరు. "ఉన్నది నిలబెట్టనీకె చూస్తం. పోయిందంత వస్తదని నేను చెప్పలేను. ఎడమ దాంట్ల సుత మొదలైంది, ఇంకా నడిమికి రాలే." గడులు గీసిన కాగితం ఒకటిచ్చింది. రోజూ పొద్దున ఒక్కో కన్ను మూసి దాన్ని చూడాలి. గీతలు వంగితే చెప్పాలి.

బస్టాండు దాకా ఆయన నాకు ముందే నడిచాడు. అక్కడ మిరపకాయ బజ్జీలు కొని, పొట్లం విప్పబోయి, ఆగిపోయి, ఏం చేయాలో తెలియక ఆ బజ్జీల పొట్లం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "నాకన్న చెప్పాలె గదనే," అన్నాడు.

జూలై 23

కుడి కంటికి నడిమి గడులు కుంగి ఉన్నాయి.

జూలై 24

అలాగే.

ఆగస్టు 4

హైదరాబాద్. మొదటి ఇంజెక్షన్. కంట్లో సూది అంటే ఊహించుకున్నంత లేదు. ఊహించుకున్నదే ఎక్కువ నొప్పి.

తిరిగి వస్తుంటే మహేష్ ఫోన్. "మేడం, కొత్త మోడల్ దిగిందండి. ఏం డిసైడ్ అయ్యారు?"

"ఇప్పుడు కాదు మహేష్."

"మరి ఎప్పుడనుకోమంటారు?"

నెల రోజులు నన్ను నేను అడిగిన ప్రశ్న. అప్పుడు కారణాలు ఎన్ని ఉండేవి నా దగ్గర. "తెలియదు," అన్నాను. "సరే మేడం, ముందు కన్ను చూపించుకోండి," అన్నాడు. కంటి సంగతి నేను చెప్పనేలేదు. ఆ రోజు మూడోది తేవడానికి లోపలికి వెళ్లి ఎందుకంత ఆలస్యం చేశాడో ఇప్పుడు అర్థమైంది.

ఆగస్టు 9

శోభ వచ్చింది. పండ్లు తెచ్చింది. నేను టీ పెట్టాను. తాగింది. ఇద్దరం ఫొటోల ఊసెత్తలేదు. వెళ్తూ గుమ్మంలో, "నేను చెప్పి ఉంటే అప్పుడే..." అని ఆగిపోయింది.

అవును, అనాలనిపించింది. కాదులే, అనాలనిపించింది. ఏదనాలో తేల్చుకునేలోపే శోభ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆగస్టు 15

నీలాకు నేనే ఫోన్ చేశాను. రేపు తండాలో తీజ్ పండగ ఆఖరు రోజు. ప్రతి ఏడూ నేనే తీస్తాను. ఈసారి పిలవలేదు.

"నువ్వే ఎత్తకపోతివి ఫోను," అంది. "రా. నీ ఇల్లు."

బిచ్చా తాతవి తొమ్మిదీ మళ్లీ చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. నాలుగోది ప్రింటు తీశాను. దిద్దలేదు.

ఆగస్టు 16, శనివారం

తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచిన గోధుమ మొలకలు బుట్టల్లో జానెడు లేచాయి. పెళ్లికాని ఆడపిల్లలు వాటిని తల మీద పెట్టుకుని పాడుతూ వెళ్తుంటే కెమెరా ఎత్తాను. కుడి కన్నే వెళ్లింది ముందు, అలవాటుగా. తీసి ఎడమది పెట్టాను. ముక్కు వెనక తెరకు నొక్కుకుంటోంది, ఊపిరికి తెర మబ్బు పడుతోంది, కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలా ఉన్నాను. చక్రం మొదటికి తిప్పేశాను. లెన్స్ మీద చిన్న మీట ఉంటుంది, చేతి ఫోకస్ నుంచి మిషను ఫోకస్‌కు మార్చేది. ఈ లెన్స్ కొన్నప్పటి నుంచి దాన్ని ముట్టుకోలేదు. నెట్టాను. చిన్నగా టిక్కుమంది. భిక్షపతి సారు బతికి ఉంటే ఏమనేవాడో.

తీసి, వెనక చూసుకున్నాను. ప్రతిదీ చూసుకున్నాను.

తర్వాత నీలా ఇంట్లోకి వెళ్లాం. గోడ మీద ఆధార్ ఫొటో. దండ ఎండిపోయింది.

"నీలా, కంప్యూటర్ ఖరాబు కాలే. కెమెరా సుత కాలే. నా కన్ను ఖరాబైంది. నాకు తెల్వకుండనే మీ నాయన ఫొటో పాడు చేసిన." ప్రింటు చేతికిచ్చాను.

వెలుతురులోకి పట్టుకుపోయి చూసింది. చాలాసేపు చూసి, "నీ తప్పు కాదులే అక్కా. నాయనే కదిలుంటడు. ఒక్క కాడ కూసునే మనిషా ఆయన?" అంది.

ఆ మాట పట్టుకుంటే అయిపోయేది. ఎవరికీ ఏమీ పోయేది కాదు.

"కదలలే," అన్నాను. "తొమ్మిది తీసేదాక కదలలే నీలా. రెప్ప గూడ కొట్టలే. మంచిగ రావాలె అని అట్లనే కూసున్నడు."

నీలా ముఖం మారిపోయింది. "మరి గామాట గప్పుడే చెప్పొద్దా?" గొంతు పెరిగింది. బయట పాట ఆగినట్టనిపించింది. "దినాలకు గిదన్న పెడుతుంటిమి గదా! ఆయన సచ్చినా ఇష్టపడని ఫొటోకు ఊరంతటితోని దండం పెట్టిస్తివి. నువ్వు సుత పెడ్తివి. నా ఇంట్ల బువ్వ తింటివి!"

ఎండిన దండ కేసి చూస్తూ నిలబడ్డాను.

ఆమె స్టూలు ఎక్కి ఫ్రేము దింపింది. వెనక అట్ట విప్పి, ఆధార్ ఫొటో లాగేసి, నేనిచ్చింది పెట్టింది. చీర కొంగుతో గాజు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"చేతులు సూడు," అంది, నాతోనో తనతోనో. "మోకాళ్ల మీద గట్లనే పెడ్తడు. కొత్త బట్టలేస్తే గట్లనే."

మళ్లీ మేకుకు తగిలించింది. నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. మొలకలు నీళ్లలో వదిలే వేళయిందని ఎవరో పిలిస్తే బయటికి వెళ్లింది.

ఒక్కదాన్నే నిలబడి ఎడమ కన్ను మూశాను. తలపాగా అంచు కుంగింది, ముఖం ఉండాల్సిన చోట మరక. మంచం ముందు మోకాలి మీద కూర్చుని ఆ రోజు నేను కెమెరాలోంచి చూసింది ఇలాగే. ఇలాగే చూసి, ఈ ఏడాది నేను తీసినవాటిలో ఇదే మంచిదని అనుకున్నాను.